ఒక్క పూత

ఇరవై పైసల బిళ్ళ చూసి ఎన్నేండ్లయింది?
అంగట్లో తీసుకోరు.
కండక్టరు తీసుకోడు.
దర్గా కాడ కూసున్న ముసలాయన గూడా
చేతిలో వేస్తే తిరిగి మన చేతిలోనే పెడతాడు.
చెల్లని బిళ్ళ అది.
మా కూలిలో కోసుకునేటప్పుడు మాత్రం
భలే చెల్లుతాది.

జత జేబులకు రూపాయి పది.
ఉగాది నుంచి రూపాయి ముప్పై ఇస్తానని
యూనియన్ తిప్పేస్వామి ముందర, మా అందరి ముందర
ఓనరు నోటితో అన్న మాట.
నోటితో అన్నాడు గాబట్టి గాలికి పోయింది.
రాయదుర్గం గాలి మీకు తెల్సు గదా,
కొండ మింద నుంచి దిగిందంటే
ఆరేసిన జీన్స్ ప్యాంట్లు
మనుషుల్లేకుండానే పరిగెత్తుతాయి.

నేను జేబులు. మాబున్ని జిప్పులు.
మారెక్క బెల్టు పట్టీలు,
ఇరవై ఏండ్లకు కుడి భుజం ఒక్కటే పైకి లేసింది.
ఏ ఊర్లో ఎవరు తొడుక్కుంటారో తెల్దు,
వాళ్లు చేతులు దాచుకునే చోటు నేను కుడతా.
నా చీరకు జేబు లేదు.

రోజుకు రెండు నూర్ల నలభై జతలు.
ఇరవై పైసల లెక్కన నలభై ఎనిమిది రూపాయలు.
అర లీటరు పాలు, అత్తకు బీపీ మాత్రలు,
ఆటోకు పోను
ఒగో దినం ఏమన్నా మిగులుతాది.

రాసే పుస్తకం ఓనరు కాడ.
అందుకే మారెక్క గోడ మింద గీసేది,
గుడ్డ మింద గుర్తు పెట్టే నీలం మైనం సుద్దతో.
డజనుకొక గీత.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఎవరి మిషను వెనక వాళ్ల లెక్క.
చదువు రాని చెయ్యే. తప్పు రాని చెయ్యి.

కార్తీకంలో అర్జీ పెట్టినాం.
లేబర్ ఆఫీసరు అనంతపురం నుంచి వస్తాడనంగా
ముందు రోజు రాత్రి
పండగ లేదు, పెండ్లి లేదు,
షెడ్డుకు సున్నం కొట్టించినాడు.
పొద్దున వచ్చి చూస్తే
ఏడు నెలల మా చాకిరీ
పాలు తాగిన పిల్లోని మూతి మాదిరి తెల్లగా ఉంది.

"రికార్డు ఏదమ్మా?"
ఆఫీసరు మంచిగానే అడిగినాడు.
ఓనరు పుస్తకం చూపించినాడు.
నూట ఇరవై. నూట పది. నూట ఇరవై.
పుస్తకంలో మేమందరం సోమరిపోతులం.
తిప్పేస్వామి చట్టం చెప్తా చెప్తా
గొంతు ఆరిపోయి నీళ్లడిగినాడు.
మారెక్క చెంబుతో తెచ్చింది.
ఆయప్ప చెయ్యి చాపితే ఇయ్యలేదు,
గోడ మింద కొట్టింది.

తడిస్తే సున్నం పలచనవుతాది.
ఇల్లు తెల్లగా చేసుకున్న ఏ ఆడదానికైనా తెలుసు.
రెండో పూత కొట్టిస్తే దాగేది.
రెండో పూతకు కూలి ఇయ్యబుద్ధి కాలేదు గదా ఆయనకు!

ముసలి చేతి మింద నరాల మాదిరి
నీలం గీతలు పైకి తేలినాయి.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నా మిషను వెనక. మాబున్ని మిషను వెనక.
జ్వరంతో నేను రాని మూడు రోజుల ఖాళీ గూడా.

ఎండకు గోడ ఆరతాంది, గీతలు మునగతాండాయి.
ఆఫీసరు సెల్లు తీసేలోపల
ఒకరి ఎనకాల ఒకరం బిందె కాడికి పోయినాం.
చెంబు, గలాసు, మూత, దోసిలి.
చప్పుడే లేదు, నీళ్ల చప్పుడు తప్ప.

గెలిచినామా అని అడగొద్దు.
వాయిదా మాఘంలో.
ఓనరు మారెక్కను మూల మిషనుకు మార్చినాడు,
అది ఐదు నిమిషాలకొకసారి దారం తెంపుతాది.
ఇంట్లో తిడతారని ఇన్నేండ్లు
యూనియన్ పేరెత్తనీయని మాబున్ని
నిన్న పది రూపాయలిచ్చి రసీదు చింపించుకుంది.
యాడ దాచాలో తెలీక
డబ్బాలో, సేమ్యాల కింద పెట్టిందంట.

నేను నా రసీదు కోసం
లంగాకు లోపల ఒక జేబు కుట్టుకున్నా.
ఒంటి జేబే.
జత కాదు గాబట్టి
లెక్కకు రాదు.